మానుకోట పాలకు దర్వాజ పెట్టిన బిడ్డ

మొన్న జనగామలో ఒక మీటింగుకు పిలిస్తే పోయాను. పాడి పెట్టుకున్నవాళ్లకు ఏదో కొత్త సంగతి చూపిస్తారన్నారు. ఇస్త్రీ నలగని అంగీ వేసుకున్న ఒక పిల్లగాడు తెర మీద రంగురంగుల గీతలు వేసి, "ఇలాంటిది మీరు ఎప్పుడూ చూసి ఉండరు. ఏ ఊరి లెక్కయినా క్లౌడ్‌లోంచి నేరుగా రిపోర్టులోకి వచ్చేస్తుంది" అన్నాడు. హాలంతా చప్పట్లు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి నిలబడి, "చూసినం బిడ్డా. తెలంగాణ రాకముందే చూసినం. సమ్మెల చూసినం" అన్నాను.

"కూర్చోండి తాతా, టీ వస్తుంది" అన్నాడు వాడు.

టీ తాగి ఇంటికి వచ్చాను.  మాకు తెలియనిదేదో వాళ్లే తెచ్చినట్టు మాట్లాడే ఈ పద్ధతి నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ చూస్తున్నదే. మాట్లాడేవాళ్లు మారారు, పద్ధతి మారలేదు. అందుకే మా పాల లెక్కను మొదట క్లౌడ్‌కు ఎక్కించిన ఆమె గురించి రాస్తున్నాను.

పేరు రాయను. రాస్తే ఆమెకు నచ్చదు. ఏ కాగితం మీద సంతకం పెట్టమన్నా, "పేరెందుకు కాకా, పని కనపడ్తలేదా?" అనేది. ఎక్కడున్నా ఇది చదివితే, పేరు లేదని సంతోషపడుతుంది. మిగతా వాటికి తిడుతుంది.

నేను బడి మెట్లు ఎక్కింది తక్కువ. దేవరుప్పులలో పశువులు కాస్తూ, బెల్లం చుట్టి ఇచ్చిన పేపరు ముక్కలు చదివి అక్షరాలు కూడబెట్టుకున్నవాణ్ణి. ఆ రోజుల్లో జనగామ పాల సెంటర్‌లో క్యాన్లు దించే పని నాది. మా సంఘానికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ఇట్లా మూడు చోట్ల పాలు చల్లబరిచే సెంటర్లు ఉండేవి. మహబూబాబాద్‌ను మేం మానుకోట అంటాం, ఇక్కడా అదే రాస్తాను.

ఊళ్లనుంచి వచ్చిన పాల తూకం, వెన్న శాతం ఏ సెంటర్‌కు ఆ సెంటర్ కంప్యూటర్‌లో ఎక్కించేవాళ్లు. ఆ లెక్కను పెన్‌డ్రైవ్‌లో వేసి, కవర్లో పెట్టి, బస్సు కండక్టర్ చేతిలో పెట్టి పట్నం పంపేవాళ్లు. పట్నం ఆఫీసులో రిపోర్టులు తీసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉండేది. ఆ రిపోర్టు చూసి, ట్యాంకర్ ఏ సెంటర్‌కు పోవాలో ఒక పెద్ద సారు చెప్పేవాడు. కవరు చేరకపోతే రిపోర్టులో సున్నా. సున్నా ఉన్న చోటికి ట్యాంకర్ రాదు.

భూపాలపల్లి కవరు ఒకసారి పొరపాటున కాటారం పోయే బస్సెక్కి అడివి అంచు ఊళ్లన్నీ తిరిగొచ్చింది. మానుకోట కవరు ఒకసారి వానకు నానిపోయింది. పాలు మాత్రం ఎవరి కోసమూ ఆగవు కదా. విరిగిన పాలు మోరీలో పోస్తుంటే తండా ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసేవాళ్లు. సరిగ్గా అప్పుడే పట్నం సారు ఫోన్: "మీ దగ్గర పాలు లేవని రిపోర్టు చెబుతోందండీ." లేకపోవడమేమిటి! మోరీలో తెల్లగా పారుతున్నది సున్నమా?

అట్లాంటి రోజుల్లో వచ్చిందామె. మానుకోట పక్క తండా బిడ్డ. ఇంట్లో వాళ్ల భాష, మాతో మా భాష. హన్మకొండలో కంప్యూటర్ చదువు చదువుకుని, మూడు సెంటర్ల కంప్యూటర్లు చూసే కొలువుకు కుదిరింది. పొడుగు మనిషి. మగవాళ్ల గడియారం, అది కూడా డయల్ మణికట్టు లోపలి వైపుకు తిప్పి పెట్టుకునేది. కుర్చీ వేస్తే కూర్చోదు. ఖాళీ పాలక్యాను బోర్లేసి దాని మీద కూర్చుని, ఒళ్లో పొట్లంలోంచి ఉడికించిన శనగ గుడాలు తింటూ పని చేసేది. ఏదైనా బటన్ నొక్కే ముందు వేళ్ల కణుపులతో బల్ల మీద రెండుసార్లు కొట్టేది, ఎవరింటి తలుపో తట్టినట్టు. కంప్యూటర్ గదిలోకి పోతే చెప్పులు విడిచేది. మేనేజర్ గదిలోకి చెప్పులతోనే పోయేది. మేనేజర్ ఒకసారి అడిగాడు కూడా, ఇదేం మర్యాదని. "దుమ్ము పడితే అది ఖరాబైతది సార్, మీరు ఖరాబు కారు" అంది.

వచ్చిన వారంలోనే నాతో పంచాయితీ పెట్టుకుంది. ఇంటర్నెట్టుకు అప్పట్లో వేలెడంత డేటాకార్డు ఉండేది. జనగామ సెంటర్లో దానికి సిగ్నల్ అందేది కాదు. ఆమె ఏం చేసిందంటే, మా టీ వడగట్టే జాలి తీసుకుపోయి, అందులో ఆ కార్డును పెట్టి, వెదురు కర్రకు కట్టి కిటికీ బయటికి పెట్టింది. సిగ్నల్ వచ్చింది. మాకు టీలో ఆకు వచ్చింది.

"జాలి తేవే పిల్లా. పండ్లల్ల ఆకు ఇరుకుతున్నది" అన్నాను.

"ఓపిక పట్టు కాకా. నీ టీకంటె అదే ముఖ్యం."

"గా పిట్టగూడు దేనికే?"

"లెక్క పైకి పంపెతందుకు. క్లౌడ్‌కు."

క్లౌడ్ అనే మాట నేను మొదటిసారి విన్నది అప్పుడే. మబ్బేమిటి, పాల లెక్కేమిటి అని విసుక్కున్నాను. ఆమె గుడాల పొట్లం పక్కన పెట్టి విడమరిచి చెప్పింది. "మబ్బు గిబ్బు కాదు కాకా. కిరాయిల్లు అనుకో. ఎక్కడ్నో పెద్ద పెద్ద కంప్యూటర్లుంటయి. మనం ఒక అర్ర కిరాయికి తీసుకుంటం. మన మూడు సెంటర్ల లెక్క పోయి గా అర్రల కూసుంటది. పట్నం సారు సాఫ్ట్‌వేర్ గా అర్రలకు తొంగిచూసి రిపోర్టు తీస్తది. బస్సు లేదు, కవరు లేదు."

నాకు మళ్లీ ఒళ్లు మండింది. "అంటే మన లెక్క మల్ల పరాయోళ్ల ఇంట్లనే పెడ్తున్నవు. గిదేనా మన కొట్లాట?"

"తాళపుచెయ్యి మన దగ్గరుంటది. మల్ల గా పెన్‌డ్రైవ్ బస్సుల పోయినప్పుడు ఎవలి చేతులుండె? అప్పుడడగలేదేంది నువ్వు?"

నేను పండ్లల్లో ఆకు ఉమ్మేసి క్యాన్లు దించడానికి పోయాను. 

ఆ కిరాయి అర్రకు పోయే దారి మూడు సెంటర్లకూ ఒకటే పెట్టింది. మానుకోట, భూపాలపల్లి లెక్కలు ముందు జనగామలో ఒక కంప్యూటర్‌కు వచ్చి చేరాలి, అక్కణ్నుంచి అన్నీ కలిసి పైకి పోవాలి. ఆ కంప్యూటర్‌కు ఆమె పెట్టిన పేరు దర్వాజ. దాని మీద కాగితం అంటించింది: "ఇది దర్వాజ. బందు చెయ్యొద్దు." కరెంటు పోయినా బతికేటట్టు దానికో బ్యాటరీ పెట్టించింది. పాలు చల్లబరిచే కంప్రెసర్ తర్వాత మా సెంటర్లో రేయింబవళ్లు నడిచేది అదొక్కటే.

అంతా కలిపాక మొదటి రోజు ఏమైందో చెప్పాలి. పట్నం సారు ఫోన్ చేసి, "మానుకోట పాలు నిన్నటివండీ, మేం తీసుకోం" అన్నాడు. తెల్లవారక ముందు పితికిన పాలు, ఇంకా పొదుగు వెచ్చదనం తగ్గని పాలు, నిన్నటివట! మేమంతా కొట్లాటకు తయారయ్యాం. ఆమె మాత్రం తెర ముందు కూర్చుని చాలాసేపు చూసింది. తర్వాత గడియారం ఉన్న చేతిని తిప్పి చూసుకుని, గట్టిగా నవ్వింది.

"సారుది తప్పు లేదు కాకా. గా కిరాయింట్ల గడియారం వేరే దేశం పొద్దు చూపిస్తున్నది. మనకంటె ఐదున్నర గంటలు ఎనుకకున్నది. మనకు తెల్లారి ఐదంటె దానికింక నిన్ననే."

"మన పొద్దును గూడ వేరేటోళ్ల గడియారంతోనే సూడాల్నా?" అని అరిచాను. ఎంత అన్యాయమో చూడండి. కోడి మా ఇంట్లో కూస్తుంది, తెల్లవారిందో లేదో ఎక్కడివాళ్లో చెప్తారు.

ఆమె అరవలేదు. బల్ల మీద రెండుసార్లు కొట్టి, రిపోర్టు సాఫ్ట్‌వేర్‌లో ఏదో ఒక వరుస రాసింది. మా పాలు మళ్లీ ఈ రోజువయ్యాయి. అరవడం నా పని, సరిచేయడం ఆమె పని. అట్లా పంచుకున్నాం.

ఇంకొక పంచాయితీ చెప్తాను. రిపోర్టులో పైన తలకట్టు మాటలుంటాయి కదా. అక్కడ ఆమె "పొద్దుగాల పాలు", "మాపటి పాలు" అని పెట్టింది. పట్నం సారుది కోస్తా వైపు. మర్యాద గల మనిషే, తిట్టు మాట ఎరగడు. కానీ ఆ తలకట్టు చూసి ఫోన్లో నవ్వాడు. "ఇదేం తెలుగమ్మా? ఉదయం, సాయంత్రం అని పెట్టండి. చూసేవాళ్లు నవ్వుతారు."

నేను పక్కనే ఉన్నాను. సినిమాల్లో దొంగకూ, తాగుబోతుకూ మా మాట పెట్టి నవ్విన నవ్వులన్నీ నాకు గుర్తే. ఫోన్ లాక్కుందామనుకున్నాను. ఆమె నా చెయ్యి పక్కకు నెట్టి, మెల్లగా అంది: "సార్, లెక్క ఒక్కటే ఉన్నది. దాన్ని ఎట్లనన్న చూపియ్యొచ్చు. మీరు తెరిస్తె ఉదయం, సాయంత్రం అని కనపడేటట్టు చేస్త. మా పాలు పోసేటోళ్లు తెరిస్తె పొద్దుగాల, మాపటి అని కనపడ్తది. మీకేం తక్కువైతది?"

సారు నవ్వు ఆపి, "అట్లా కూడా చేయొచ్చా?" అన్నాడు.

"చెయ్యొచ్చు సార్. కొత్తగ చేసిందంతా గందుకోసమే."

అది సాంకేతికమైన మాటే. కానీ ఒక లెక్కను ఎవరి భాషలో వాళ్లు చూసుకుంటే కొంపలు మునగవన్న ముక్క, ఆ రోజుల్లో సభలు పెట్టి మైకుల్లో చెప్తే కూడా చాలామందికి ఎక్కలేదు.

పాలు పోసేవాళ్లు తెరిస్తే అన్నది ఊరికే అన్నమాట కాదు. మానుకోట సెంటర్లో క్యాన్లు కడిగే రేకుల షెడ్డు ఉంది. దాని గోడకు సున్నం కొట్టించి, సంఘం మూలన పడేసిన ప్రొజెక్టర్‌ను తెచ్చి, పాలు పోసే వేళకు రిపోర్టును ఆ గోడ మీద వేసేది. జనగామ ఇంత, మానుకోట ఇంత, భూపాలపల్లి ఇంత. మానుకోట గీత మీద నొక్కితే ఏ తండాది ఎంతో వచ్చేది. తండా మీద నొక్కితే మనుషుల పేర్లు, ఎవరి గీత వాళ్లది. పాలు పోసి ఆడవాళ్లు వెంటనే ఇంటికి పోయేవాళ్లు కాదు. గోడ ముందు నిలబడి ఒకరి గీతను చూసి ఒకరు ఎకసెక్కాలాడేవాళ్లు. "నీ బర్రె అలిగిందా ఏంది, గీత గింత పొట్టిగున్నది?" "మరి నీది పొడుగుంటె ఇంత వెన్న లేదేందే, చెరువు కలిపినవా?"

"వాళ్లకెందుకు రిపోర్టు? చదువొచ్చా?" అని మా మేనేజర్ అడిగాడు.

"గీత పొడుగో పొట్టో చూసెతందుకు చదువెందుకు సార్?" అంది ఆమె. ఆమెకు చెప్పడం కంటే చూపించడం ఇష్టం. "ఎవలి లెక్క వాళ్లకు కనపడాలె" అనేది. మాటిమాటికీ అదే.

ఆ ఏడే సమ్మె వచ్చింది. తెలంగాణ కోసం అందరూ పని బందు పెట్టారు. బడులు లేవు, ఆఫీసులు లేవు, భూపాలపల్లిలో బొగ్గు గనుల్లో పని ఆగింది, బస్సులు డిపోలు దాటలేదు. ఆమె కూడా మానుకోట దీక్షా శిబిరంలో పొద్దంతా కూర్చునేది. పాల వేళకు మాత్రం లేచి సెంటర్‌కు వచ్చేది. శిబిరంలో ఒకాయన నిలదీశాడు. "అందరు పని బందు పెడ్తె నువ్వు కంప్యూటర్ నడుపుతున్నవు. ఇదేం సమ్మె చెల్లె?"

"సమ్మెల మనుషులున్నరన్నా. బర్రెలు లేవు" అంది. అందరూ నవ్వారు. అయినా ఆయన తగ్గలేదని, "నా హాజరు రిపోర్టు పట్నం పంపుతలేను, ఆఫీసు పనులేవి చేస్తలేను. పాలది ఒక్కటే పంపుతున్న. అది సుత ఆపితె పాలు లేవని మన సెంటర్ మూస్తరు. గప్పుడు తెలంగాణ వచ్చినా పాలు పోసెతందుకు జాగుండదు" అంది. 

ఆ మూస్తారన్న మాట నిజమే. ఎప్పటినుంచో సున్నాలు చూసి చూసి, మానుకోట సెంటర్ దండగ అని పట్నంలో అనుకుంటున్నారు. సమ్మెలో డీజిల్ కష్టమైంది, కరెంటు కోతలు పెరిగాయి. పట్నం సారు ఆమెకు ఫోన్లోనే చెప్పేశాడు. "దసరా పండగ రోజుల్లో మానుకోట రిపోర్టు ఎక్కడా ఆగకుండా రావాలమ్మా. పాలు ఎప్పుడు ఎంత ఉన్నాయో నాకు తెలిస్తేనే ఈ గొడవల్లో ట్యాంకర్ తిప్పగలను. ఆగిందంటే మాత్రం ఆ సెంటర్ మూసేద్దామంటారు, నేనేం చేయలేను." మూస్తే చుట్టుపక్కల తండాల పాలు పోసేందుకు ఇంకో చోటు లేదు. బర్రెలు అమ్ముకుని కూలికి పోవాల్సిందే.

సద్దుల బతుకమ్మ రోజు బాగానే గడిచింది. ఆ వెనకే దసరా.

ఇప్పుడు మా మల్లన్న సంగతి. జనగామ సెంటర్లో బాయిలర్ నడిపేవాడు, మా టీ కాచేవాడు కూడా ఆయనే. భక్తి గల మనిషి. దసరా నాడు మిషన్లన్నిటినీ కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, బంతిపూలు వేసి, కొబ్బరికాయ కొట్టేవాడు. పూజ అందుకున్న మిషన్‌ను జమ్మికి పోయి వచ్చేదాకా ఎవ్వరూ ముట్టకూడదు. పనిముట్టుకు ఏడాదికి ఒక్కరోజు సెలవు. ఇది మా దగ్గర తాతల నాటి ఆచారం, నేనూ తప్పుపట్టను.

ఆ రోజు మధ్యాహ్నం నేను ఇంట్లో తినడానికి కూర్చున్నాను. ఫోన్. మానుకోట నుంచి ఆమె.

"కాకా, దర్వాజ బందయింది. మూడు సెంటర్లది ఏది పైకి పోతలేదు. జమ్మికి పోవాలని మావోళ్లు మాపటి పాలు గిప్పుడే తెచ్చిండ్రు. గోడ మీద ఏం లేదు. జర ఉరుకు."

చెయ్యి కడుక్కుని ఉరికాను. కంప్యూటర్ గదికి తాళం. మల్లన్న కొత్త పంచె కట్టుకుని గుమ్మం ముందు కూర్చున్నాడు. కిటికీలోంచి చూశాను. దర్వాజ మీద కొత్త తువ్వాలు కప్పి ఉంది. నొక్కే మీటల మీద నిమ్మకాయ. దండ. బందు చెయ్యొద్దన్న కాగితానికి కూడా మూడు వేళ్ల పసుపు.

"మల్లన్నా, ఏం చేసినవయ్యా!"

"ఏం చేసిన? పూజ చేసిన. వచ్చిన కాన్నుంచి పాపం గది ఒక్కనాడన్న పండుకున్నదా? పండుగ పూట జర ఇస్రాంతి ఇయ్యరాదా?"

"తాళం తియ్యి."

"తియ్య. జమ్మికి పోయొచ్చేదాక ముట్టద్దు."

నేను ఆయన వంశాన్ని మొదటి నుంచీ అందుకున్నాను. ఆయన నా నాస్తికత్వాన్ని అందుకున్నాడు. ఫోన్ ఇంకా నా చేతిలోనే ఉంది, మాటలన్నీ ఆమె వింటూనే ఉంది. ఫోన్లోంచే అరిచింది: "కాకా, తిట్టకు! ఫోన్ అన్నకియ్యి."

ఇచ్చాను. ఆయన చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఆమె గొంతు పెద్దది, నాకూ వినపడుతూనే ఉంది.

"మల్లన్నా, పండుగ మంచిగ చేసినవా?"

"చేసిన చెల్లె. నీ దర్వాజకు దండ సుత ఏసిన."

"నీ కాళ్లు మొక్కుత. గింత మంచిగ దాన్ని ఎవలు చూసుకుంటరు? ఒక్క మాట అడుగుత. కంప్రెసర్‌కు పూజ చేసినవా?"

"చెయ్యకుంట ఉంటనా?"

"మరి బందు పెట్టినవా?"

"అయ్యో, అదెట్ల బందు పెడ్త? పాలు ఇరిగిపోవా? నడుస్తుంటెనే బొట్టు పెట్టిన."

"దర్వాజ గూడ గసోంటిదే అన్నా. అది బందున్నంత సేపు మానుకోట పాలు పట్నపోళ్లకు కనపడవు. కనపడకపోతె ట్యాంకర్ రాదు. రాకపోతె ఇరుగుతయి. గివి గూడ పాలే, గిక్కడ నా ముంగటున్నయి, కావాల్నంటె క్యాను మూత సప్పుడు ఇను."

నిజంగానే మూత తీసి పెట్టిన చప్పుడు వినపడింది.

మల్లన్న ఫోన్ నా చేతికిచ్చాడు.  తాళం తీసి, కాళ్లు కడుక్కుని వచ్చి, దర్వాజ ముందు ఇంకోసారి కర్పూరం వెలిగించాడు. తువ్వాలు తీసి మడత పెట్టాడు. నిమ్మకాయను పక్కకు జరిపి, "తల్లీ, నడుస్తుంటెనే పూజందుకో" అని చెప్పి తన చేత్తోనే మీట నొక్కాడు. దండ మాత్రం తీయనివ్వలేదు.

తెర మీద చక్రం తిరగడం మొదలైంది. ఫోన్ అట్లాగే పట్టుకున్నాను. అటు మానుకోటలో ఆడవాళ్ల గొంతులు కలగాపులగంగా వినపడుతున్నాయి. తిరిగింది, తిరిగింది. ఉన్నట్టుండి అటునుంచి పెద్ద అరుపు. ఆగిపోయిన లెక్కంతా ఒక్కసారే పైకి పోయి, గోడ మీద మానుకోట గీత లేచిందట.

లెక్క చేరింది. కానీ ఆగింది కూడా నిజమే. ఆగితే మూస్తామన్నారు కదా. తర్వాత జరిగింది ఆమె చెప్తే విన్నాను. పట్నం సారు గొంతును ఆమె అచ్చంగా దింపేది, ఆ "అండీ" సాగదీతతో సహా.

ఆమె తనే సారుకు ఫోన్ చేసింది. సాకు వెతకలేదు. "సార్, రిపోర్టు ఆగింది. దసరా పూజ చేసి మా దర్వాజను పండబెట్టిండ్రు" అంది.

సారు అటునుంచి, "అది తర్వాత. ముందు మీవాళ్లకు చెప్పండమ్మా, ఫోన్లు ఆపమనండి" అన్నాడట.

"ఏం ఫోన్లు సార్?"

"ఏం ఫోన్లేమిటండీ! ఒకటే ఫోన్లు. మా పాలు గోడ మీద కనపడటం లేదు, ఏం చేశారు, ఎక్కడ పెట్టారు అని. ఒకావిడైతే సగం నాకు అర్థం కాని భాషలో తిట్టింది."

సంగతేమిటంటే, సెంటర్ గేటు మీద ఫిర్యాదుల కోసమని పట్నం ఆఫీసు నంబరు రంగుతో రాసి ఉండేది. దాన్ని ఎవరూ ఎన్నడూ కొట్టలేదు. ఆ రోజు గోడ ఖాళీగా ఉండేసరికి, ఆమె నాతో మాట్లాడుతున్న సమయంలోనే, పాలు పోసిన ఆడవాళ్లు గేటు దగ్గరికి పోయి, చేతిలో సెల్లున్న ప్రతి మనిషీ ఆ నంబరు కొట్టారు. ఎవరూ చెప్పలేదు. ఆమె అసలే చెప్పలేదు.

"ఇన్నేళ్లూ రిపోర్టు ఏదీ అని మేం మిమ్మల్ని అడగడమేనమ్మా" అన్నాడట సారు. "మా రిపోర్టు ఏదీ అని మమ్మల్ని అడిగినవాళ్లు లేరు."

ఆమె అడగాల్సింది అడిగింది. "మరి సెంటర్ మూస్తరా సార్?"

"మూస్తే రేపు ఈ ఫోన్లకు ఎవరు జవాబు చెప్పాలి? నేనే గదా! నడుస్తుందని రాస్తాను. ట్యాంకర్ పొద్దున్నే వస్తుంది." తర్వాత గొంతు తగ్గించి అన్నాడట: "పూజ సంగతి పైకి చెప్పకండి. మా ఇంట్లో కూడా ఇవాళ స్కూటర్ తియ్యనివ్వలేదు, ఆఫీసుకు నడిచొచ్చాను."

మర్నాడు ఆ ట్యాంకర్ ముందు సీట్లో నేనూ ఎక్కాను. బస్సులు లేవు, నాకు ఆ గోడ చూడాలని ఉంది. పాలకుర్తి దాటాక సమ్మెవాళ్లు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. బండి ఆపారు. "పాలు" అంటే దారిచ్చారు. ఊరికే పోనివ్వలేదు, విస్తర్లో ఇంత పులిహోర పెట్టి, డ్రైవర్‌తో జై కొట్టించి మరీ పంపారు.

మానుకోట సెంటర్‌కు చేరేసరికి షెడ్డు నిండా ఆడవాళ్లు. ట్యాంకర్ గేటులో మలుపు తిరుగుతుంటే ఒక్కరూ కేక వేయలేదు, రావాల్సిన చుట్టం వస్తే జరిగినట్టు పక్కకు జరిగి దారిచ్చారు. ఆమె క్యాను బోర్లేసుకుని గోడ ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి, "తిన్నవా కాకా?" అని మాత్రం అడిగింది.

అప్పుడే ఒక ముసలామె వచ్చింది. చేతుల నిండా తెల్లటి గాజులు, చెంపల పక్కన వేలాడే వెండి. చిన్న టిఫిను గిన్నెలో పాలు. తూకం వేసే మనిషి ఆ గిన్నె వంచి, అంకె ఎక్కించి, ఖాళీ గిన్నె తిరిగి ఇచ్చాడు. ముసలామె అది చంకలో పెట్టుకుని నేరుగా గోడ దగ్గరికి పోయి, ఆ గీతలన్నీ పై నుంచి కిందికి వెతకడం మొదలుపెట్టింది. దొరకలేదు. వెనక్కి తిరిగి ఏదో అడిగింది, వాళ్ల భాషలో.

"యాడీ" అంటూ లేచింది ఆమె. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ; అప్పుడు తెలిసింది నాకు, ఆ ముసలామె ఎవరో. బిడ్డ గోడ దాకా పోయి, కింది నుంచి రెండో వరుసలో, వెంట్రుకంత సన్నటి గీత మీద వేలు పెట్టింది.

ముసలామె గోడకు ముఖం ఆనించి చూసింది. ఇంకొంచెం వెనక్కి జరిగి మళ్లీ చూసింది. పక్కనున్న పొడుగు గీత ఎవరిదని అడిగినట్టుంది, ఒకామె గర్వంగా చెయ్యెత్తింది. ముసలామె ఆమెను పైకీ కిందికీ చూసి, మూతి తిప్పి, ఒక మాట అంది. చుట్టూ ఉన్నవాళ్లంతా పకపకా నవ్వారు.

"ఏమన్నది బిడ్డా?" అని అడిగాను.

ఆమె కళ్లు తుడుచుకుంది. నవ్వుకా, మరి దేనికో. "గింతేనా నాది అంటున్నది కాకా. రేపు జర ఎక్కువ తెస్తదట."